నీస్ సాహిల్ నుంచి నిలోఫర్ దవాఖానా దాకా

నిలోఫర్ పేరు తెలియని ఇల్లు తెలంగాణలో ఉండదు. జిల్లా దవాఖానాలో డాక్టర్ సాబ్ చిన్నబిడ్డ నాడి చూసి, కాగితం రాసి, "నిలోఫర్‌కు తీస్కపోండి" అంటే ఆ మాటలో ఎంత ఖౌఫ్ ఉంటుందో, ఎంత ఉమ్మీద్ ఉంటుందో రాత్రికి రాత్రి బస్సెక్కిన తల్లులకే ఎరుక. కానీ నీస్ అనే ఊరి పేరు మన ఇళ్లలో విన్నవాళ్లు తక్కువ. ఫ్రాన్స్ దేశానికి దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున, ఇటలీ సరహద్దుకు దగ్గరగా ఉన్న ఊరది. లోకమంతా సెలవులకు పోయే చోటు. మన నిలోఫర్ దవాఖానాకు పేరిచ్చిన ఆడకూతురు నికాహ్ జరిగింది ఆ ఊళ్లోనే.

మన బుజుర్గులు ఈ కథ చెప్పేటప్పుడు రెండు తీర్ల చెబుతారు. ఒకరు "ఖలీఫా బిడ్డలు మన హైదరాబాద్‌కు కోడళ్లుగా వచ్చారు తెలుసా!" అని మీసం దువ్వుతారు. ఇంకొకరు "నవాబుల షాదీలతో మనకేం పని, మన కడుపు నిండిందా" అని కొట్టిపారేస్తారు. పోయిన ఏడాది జూన్‌లో మేం నీస్‌లో ఆరు రోజులు ఉండి వచ్చాక నాకు ఈ రెండు మాటలూ సరిపోవు అనిపించింది. ఎందుకు సరిపోవో చెప్పడానికే ఈ మజ్మూన్.

ముందు ఊరి సంగతి. మా చిన్నమ్మాయి ఫ్రాన్స్‌లో చదువుకుంటోంది. దాని సెలవులు కలిసొస్తే నేను, మా బేగం పోయాం. సముద్రం అంటే మాకు తెలిసింది బాపట్ల, సూర్యలంక ఇసుక. నీస్‌లో ఇసుక ఉండదు. గుండ్రటి గులకరాళ్ల ఒడ్డు. అల వెనక్కి పోయేటప్పుడు రాళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లి గలగలమంటాయి. నీళ్ల రంగు మాత్రం ఏ ఫొటోలోనూ రాదు, ఆస్మాన్‌ను కరిగించి పోసినట్టు ఉంటుంది. జూన్ నెలలో సూరీడు రాత్రి తొమ్మిది దాటినా మునగడు. మగ్రిబ్‌కు తొమ్మిదింబావు అయ్యేది. మా బేగం "ఈ ఊళ్లో రంజాన్ ఎండాకాలంలో వస్తే ఏం గాను" అని రోజూ అనేది.

తిండికి బాధ పడలేదు. పాతబస్తీ గల్లీల్లో సోక్కా అని అమ్ముతారు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె కలిపి, పెద్ద రాగి పళ్లెంలో పల్చగా పోసి, కట్టెల భట్టీలో కాలుస్తారు. పైన మిరియాల పొడి. ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే మా బేగం "ఇది మన శనగపిండి అట్టే కదా, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేయడం మర్చిపోయారు" అంది. ఆరు రోజుల్లో నాలుగు రోజులు మా నాష్తా అదే.

సముద్రం పొడవునా ఒక పెద్ద బాట ఉంది. దాని పేరే ఇంగ్లిష్‌వాళ్ల బాట, ప్రొమెనాడ్ దెజాంగ్లే. అప్పట్లో సీజన్ అంటే ఎండాకాలం కాదు, చలికాలం. లండన్ చలి పడలేని దొరలు నవంబర్‌లో వచ్చి ఏప్రిల్ దాకా ఉండేవారు. 1820 ప్రాంతంలో చలికి పంటలు పోయి ఊళ్లో పేదలు బిచ్చానికి దిగితే, అక్కడి ఇంగ్లిష్‌వాళ్లు చందాలు వేసుకుని, వాళ్లకు కూలి ఇచ్చి ఈ బాట వేయించారు. అంటే లోకంలోనే పేరుమోసిన ఈ సైర్‌గాహ్ మొదట ఒక కరువు పని. మన దగ్గర కరువు వచ్చినప్పుడు చెరువు మట్టి తీయించినట్టు.

ఊరికి పైన సిమియే అనే గుట్ట ఉంది. రోమన్ల కాలపు శిథిలాలు అక్కడే, పెద్ద పెద్ద కోఠీలూ అక్కడే. విక్టోరియా రాణి 1895 నుంచి 1899 దాకా ఏటా వసంతంలో వచ్చి ఈ గుట్ట మీదే బస చేసింది. 1897లో ఆమె వెంట మున్షీ అబ్దుల్ కరీం కూడా వచ్చారు. ఆగ్రా నుంచి పోయి రాణికి మన జబాన్ నేర్పిన మనిషి. ఆయన్ని వెంట తీసుకుపోతే మేం నౌకరీ మానేస్తామని రాణి దగ్గరి ఇంగ్లిష్‌వాళ్లు గొడవ పెట్టుకున్నారు. రాణి వినలేదు. ఆమె దిగిన రెజీనా హోటల్ భవనం ఇప్పటికీ ఉంది, ముందు ఆమె బొమ్మ ఉంది. మున్షీ గురించి అక్కడ ఒక్క అక్షరం కూడా నాకు కనబడలేదు.

ఇక అసలు తారీఖ్‌కు వస్తాను. పాతబస్తీలో ఒక గల్లీ మూలన, గోడకు ఎత్తున ఒక తోపు గుండు వేలాడదీసి ఉంది. కింద రాసిన రాత మా అమ్మాయి చదివి చెప్పింది. 1543లో తుర్కీ నౌకాదళం ఈ ఊరి మీద పడ్డప్పటి గుండు అది. ఆ దళానికి సర్దార్ ఖైరుద్దీన్ బర్బరోసా, పంపింది సుల్తాన్ సులైమాన్.

ఇది ముస్లింలకూ ఈసాయీలకూ జరిగిన జంగ్ అనుకుంటే పొరపాటు. నీస్ అప్పట్లో ఫ్రాన్స్‌ది కాదు, సవోయ్ నవాబుది. ఆ సవోయ్ నవాబు చార్లెస్ బాద్‌షా పక్షం. ఫ్రాన్స్ రాజు ఫ్రాన్స్వాకు చార్లెస్‌తో దుష్మనీ. అందుకని ఫ్రాన్స్ రాజే సులైమాన్‌తో దోస్తీ కట్టి, బర్బరోసాను పిలిపించుకున్నాడు. వందకు పైగా ఓడలతో తుర్కులు, వాళ్ల పక్కనే ఫ్రెంచి సిపాయిలు, ఇద్దరూ కలిసి ఈసాయీల ఊరైన నీస్‌ను ముట్టడించారు. ఆగస్టులో ఊరు లొంగింది. గుట్ట మీది కిల్లా మాత్రం లొంగలేదు. బర్బరోసా వెనుదిరిగి, ఆ చలికాలం తూలోన్ రేవులో గడిపాడు. ఫ్రాన్స్ రాజు ఆ ఊరివాళ్లను ఖాళీ చేయించి తుర్కీ దళానికి ఇచ్చాడు. అక్కడి పెద్ద చర్చిలో ఆ కొన్ని నెలలు నమాజ్ జరిగింది.

నీస్‌వాళ్లకు ఈ ముట్టడిలో ఒక వీరనారి ఉంది, కాతరీన్ సెగ్యురాన్. బట్టలు ఉతికే ఆమె. బట్టలు బాదే కర్రతోనే తుర్కీ సిపాయిని కొట్టి, జెండా గుంజుకుందని కిస్సా. నిజంగా అలాంటి మనిషి ఉందా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదులాడుకుంటారు. కానీ ఊళ్లో ఆమె పేరుతో యాద్‌గార్ ఉంది, ఏటా తలుచుకుంటారు. ఇదే నౌకాదళం ఈ తీరంలో జనాన్ని పట్టుకుపోయి బానిసలుగా అమ్మిందన్నది కిస్సా కాదు, హకీకత్. మనవాళ్లు గెలిచిన జంగుల లెక్కే పిల్లలకు చెప్పి, ఓడిన ఊరి ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే అది సగం తారీఖే. ఆ గుండు కింద నిలబడి మా అమ్మాయికి నేను ఈ మాటే చెప్పాను.

సులైమాన్ సేన గుట్ట ఎక్కలేక వెనుదిరిగిన ఆ ఊరికే 381 ఏళ్ల తర్వాత సులైమాన్ వారసులు కిరాయి ఇళ్లు వెతుక్కుంటూ వచ్చారు.

1922 నవంబర్‌లో అంకారా సర్కార్ సల్తనత్‌ను రద్దు చేసింది. ఆఖరి సుల్తాన్ ఆరో మెహమద్ బ్రిటిష్ యుద్ధ ఓడ ఎక్కి ఇస్తాంబుల్ వదిలాడు. ఆయన చుట్టం అబ్దుల్ మజీద్‌ను అంకారా మజ్లిస్ ఖలీఫాగా ఎన్నుకుంది. తఖ్త్ లేదు, ఫౌజ్ లేదు, పేరు మాత్రం ఉంది. అబ్దుల్ మజీద్ ఎఫెందీ బొమ్మలు వేసేవారు, వాయొలిన్, పియానో వాయించేవారు. ఆయన వేసిన చిత్రాల్లో ఒకటి హరమ్‌లో ఆడవాళ్లు బీథోవెన్ సంగీతం వాయిస్తున్నది. అలాంటి మనిషి చేతికి పదమూడు వందల ఏళ్ల అమానత్ వచ్చింది. పదహారు నెలలే నిలిచింది.

1924 మార్చి 3న ఖిలాఫత్ రద్దయింది. ఉస్మానీ ఖాందాన్ మొత్తాన్ని, వందకు పైగా మందిని, దేశం నుంచి వెళ్లగొట్టే కానూన్ కూడా అదే రోజు పాసైంది. మార్చి 4 తెల్లవారకముందే ఖలీఫాను, బేగములను, పదేళ్ల బిడ్డ దుర్రె షెహ్వార్‌ను దోల్మాబాగ్చే మహల్ నుంచి మోటారుల్లో ఊరు దాటించి, చతల్జా స్టేషన్‌లో రైలెక్కించారు. ఇస్తాంబుల్ స్టేషన్‌లో ఎక్కిస్తే జనం పోగవుతారని భయం. మొదట స్విట్జర్లాండ్, ఆ ఏడాది అక్టోబర్‌లో నీస్. ఎండ కాసే ఊరు, చలి తక్కువ. రష్యా విప్లవంలో అన్నీ పోగొట్టుకున్న రష్యా నవాబులు అప్పటికే అక్కడ చేరి ఉన్నారు. ఇంగ్లిష్ దొరలకు అది సెలవుల ఊరు, వీళ్లకు జిలావతనీ ఊరు.

ఆ రోజుల్లో విదేశీ పత్రికలు ఖలీఫా గురించి వింతగా రాసేవి. చేతిలో పెద్ద గొడుగుతో సముద్రం ఒడ్డున దర్జాగా నడిచిపోతుంటారని. చూసేవాళ్లకు అదొక తమాషా. నేను అదే బాట మీద నాలుగు సాయంత్రాలు నడిచాను. పక్కన బెంచీల మీద ముసలివాళ్లు సముద్రం వైపు చూస్తూ కూర్చుంటారు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరు సెలవుకు వచ్చారో, ఎవరికి పోవడానికి ఇంకో చోటు లేదో మొహం చూసి చెప్పలేం.

ఒక రోజు రైలెక్కి ఇటలీ వైపు పోయాం. వెంటిమిగ్లియా దగ్గర బండి మారి, సాన్ రేమో. పూల తోటల ఊరు, తాటిచెట్ల వరుసలు, ప్రశాంతంగా ఉంది. 1920 ఏప్రిల్‌లో ఇంగ్లండ్, ఫ్రాన్స్, ఇటలీ పెద్దలు ఈ ఊళ్లోనే ఒక విల్లాలో కూర్చుని ఉస్మానీ సల్తనత్‌ను పంచుకున్నారు. సిరియా, లెబనాన్ ఫ్రాన్స్‌కు. ఇరాఖ్, ఫలస్తీన్ ఇంగ్లండ్‌కు. ఇవాళ మనం టీవీలో చూసి ఏడుస్తున్న ఫలస్తీన్ కథలో ఒక ముఖ్యమైన సంతకం ఈ పూల ఊళ్లో పడింది.

తఖ్త్ పోయిన ఆరో మెహమద్ తిరిగి తిరిగి చివరికి వచ్చి ఉన్నది కూడా సాన్ రేమోలోనే. తన సల్తనత్‌ను ముక్కలు చేసిన ఊళ్లోనే కిరాయికి ఉన్నాడు. 1926 మేలో గుండె ఆగి అక్కడే పోయాడు. అంగట్లో అప్పులు, నౌకర్ల జీతాలు బాకీ. అప్పులవాళ్లు జనాజాను కదలనీయలేదు. డబ్బు సర్దాకే మయ్యిత్‌ను దమిష్క్ పంపగలిగారు. అక్కడ తక్కియా సులైమానియా ఆవరణలో దఫన్ చేశారు. ఆ తక్కియా కట్టించింది ఎవరనుకున్నారు? నీస్ మీదికి బర్బరోసాను పంపిన ఆ సుల్తాన్ సులైమానే. తాత ముత్తాతలు ముసాఫిర్‌ల కోసం కట్టించిన జాగాలో మనవడికి ఆరడుగుల నేల దొరికింది.

నీస్‌లో ఖలీఫా గతి కూడా అలాగే అయ్యేది. కాకపోవడానికి కారణం హైదరాబాద్. మౌలానా షౌకత్ అలీ నచ్చజెప్పగా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలకు 300 పౌండ్ల వజీఫా మంజూరు చేశారు. 1927 తర్వాతి రేటు ప్రకారం బ్రిటిష్ ఇండియా రూపాయల్లో సుమారు 4,000.

ఇక్కడే నేను కాసేపు ఆగుతాను. ఆ ఖజానా ఎలా నిండింది? రియాయా కట్టిన శిస్తుతో. సంస్థానం జనాభాలో సగానికి దగ్గరగా తెలుగువాళ్లే. మా దాదా నల్లగొండ జిల్లాలో కౌలు చేసుకున్న మనిషి. 1930ల మొదట్లో లోకమంతా మాంద్యం వచ్చి ధాన్యం ధర పడిపోయింది, శిస్తు మాత్రం పడలేదు. పటేల్, పట్వారీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ కథలు మా దాదీ చెప్పేది. దొర ఇంటికి వెట్టికి పోయినవాళ్లలో మాదిగ, చాకలివాళ్లు ఉన్నారు, మన గరీబు ముస్లింలూ ఉన్నారు. నిజాం మన మజ్హబ్ వాడు కాబట్టి మనమంతా ఆయన దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నామని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. మా దాదా ఆ దస్తర్‌ఖాన్ కలలో కూడా చూడలేదు. కానీ నీస్‌లో ఖలీఫా ఇంటి కిరాయిలో, రొట్టెలో, రంగుల డబ్బాల్లో మా దాదా చెమట కూడా ఒక చుక్క ఉంది. ఆయన పక్క పొలంలోని రైతు చెమటా ఉంది. నేను నీస్ వీధుల్లో నవాబుల వారసుడిలా తిరగలేదు, ఆ శిస్తు కట్టినవాడి మనవడిలా తిరిగాను.

నికాహ్ 1931 నవంబర్ 12న జరిగింది, నీస్‌లోని కరబసెల్ విల్లాలో. ఇప్పటికీ సిమియే గుట్ట కింద ఆ పేరుతో ఒక వీధి ఉంది, ట్రామ్ దిగి నడిచిపోవచ్చు. ఒకే రోజు రెండు నికాహ్‌లు. నిజాం పెద్ద కొడుకు ఆజమ్ జాహ్‌కు ఖలీఫా ఒక్కగానొక్క బిడ్డ దుర్రె షెహ్వార్. చిన్న కొడుకు మొఅజ్జమ్ జాహ్‌కు ఆ ఖాందాన్ బిడ్డే నిలోఫర్. నిజాం స్వయంగా పోలేదు. పత్రికలు ఆ పెళ్లి గురించి బాగా రాశాయి. ఒకవైపు లోకంలోకెల్లా ధనవంతుడనే పేరున్న ఇల్లు, ఇంకోవైపు ముస్లిం లోకంలో అన్నిటికన్నా పెద్ద పేరున్న ఇల్లు. ఒకరికి పేరు కావాలి, ఒకరికి అండ కావాలి.

ఈ లెక్కల్లో మనం మరిచిపోయేది పెళ్లికూతుళ్ల వయసు. దుర్రె షెహ్వార్‌కు పదిహేడు. నిలోఫర్‌కు పదిహేను. నిలోఫర్ రెండేళ్లకే తండ్రి పోయి యతీమ్ అయింది. ఎనిమిదేళ్లకు దేశం పోయింది. నీస్‌లో తల్లితో పెరిగింది. పదిహేనేళ్లకు, తాను ఎన్నడూ చూడని మరో దేశానికి కోడలిగా ఓడ ఎక్కింది. ఈ ముక్క చదివి మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అబ్బా, ఆమెను ఎవరైనా అడిగారా?" అంది. ఈజాబ్, ఖుబూల్ ఉంటేనే నికాహ్ అని మనం చెప్పుకుంటాం. పదిహేనేళ్ల పిల్ల, చేతిలో పాస్‌పోర్ట్ లేని ఖాందాన్, ఎదురుగా నిజాం సంబంధం. ఆ ఖుబూల్‌లో ఎంత మర్జీ ఉందో, ఎంత మజ్బూరీ ఉందో అల్లాహ్‌కే తెలుసు.

డిసెంబర్ 12న వాళ్లు వెనిస్‌లో పిల్స్నా అనే ఓడ ఎక్కారు. రెండు రోజులకు బ్రిందిసి రేవులో అదే ఓడ మీద మహాత్మా గాంధీ ఎక్కారు, లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని వస్తూ. పదేళ్ల కింద ఖిలాఫత్ కోసం అలీ సోదరులతో కలిసి దేశమంతా తిరిగిన గాంధీ, ఆ ఖిలాఫత్ పోయాక మిగిలిన బిడ్డలు, ఒకే ఓడ మీద బొంబాయికి వచ్చారు. ఆయన షహజాదీలను కలిశారని కూడా చెబుతారు. ఖిలాఫత్ చందా అంటే మన తెలుగు ఊళ్లలో కూడా ఆడవాళ్లు గాజులు తీసి ఇచ్చిన రోజులవి. ఆ గాజుల కథ ఎక్కడికి చేరిందో చూడండి.

హైదరాబాద్‌కు వచ్చాక ఇద్దరూ జనానాలో మూల కూర్చోలేదు. దుర్రె షెహ్వార్ ఉర్దూ నేర్చుకుని సభల్లో మాట్లాడారు. 1936లో బేగంపేట విమానాశ్రయానికి పునాదిరాయి వేసింది ఆమె. పురానీ హవేలీలో ఆమె పేరుతో పిల్లల దవాఖానా ఇప్పటికీ నడుస్తోంది. ఆమె పెద్ద కొడుకు ముకర్రమ్ జాహ్ పుట్టింది కూడా 1933లో నీస్‌లోనే, తాతగారి ఇంట్లో.

నిలోఫర్‌కు పిల్లలు కలగలేదు. యూరప్ డాక్టర్లకు చూపించుకున్నా లాభం లేదు. మొఅజ్జమ్ జాహ్ మరో నికాహ్ చేసుకున్నారు. 1952లో ఇద్దరూ విడిపోయారు. ఆ దుఃఖం మధ్యలోనే ఆమె దగ్గర పనిచేసే రఫతున్నిసా అనే అమ్మాయి ప్రసవంలో చనిపోయింది. షహజాదీకి డాక్టర్లు యూరప్‌లో ఉన్నారు, నౌకరానీకి సొంత ఊళ్లో కూడా లేరు. ఆ మౌత్ నిలోఫర్‌ను కదిలించింది. పేద తల్లులకు, పసిబిడ్డలకు ఒక మంచి దవాఖానా కావాలని ఆమె పట్టుబట్టారు. అలా రెడ్ హిల్స్‌లో, 1953లో, నిలోఫర్ దవాఖానా వెలిసింది. తన ఒడిలో బిడ్డ లేని ఆమె పేరు మీద ఆ రోజు నుంచి ఈ రోజు దాకా లక్షల బిడ్డలు బతికారు. మా ఆపా కొడుకు కూడా అందులో ఒకడు. నెలలు నిండకుండా పుట్టి, పద్దెనిమిది రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. బయట వరండాలో చాప పరుచుకున్న తల్లుల్లో మా ఆపా పక్కన పాలమూరు నుంచి వచ్చిన ఒక లంబాడీ తల్లి ఉండేది. ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. వాడిప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు.

నిలోఫర్ మళ్లీ ఫ్రాన్స్ పోయి, మరో పెళ్లి చేసుకుని, 1989లో పారిస్‌లో కన్నుమూశారు. అక్కడి బొబీన్యీ ముస్లిం ఖబ్రస్తాన్‌లో ఆమె ఖబర్ ఉంది.

ఇక ఖలీఫా సంగతి. యుద్ధం రోజుల్లో ఆయన పారిస్‌లో ఉన్నారు. 1944 ఆగస్టు 23న, జర్మన్ల చేతి నుంచి ఆ నగరం విడుదల కావడానికి రెండు రోజుల ముందు ఇంతికాల్ అయ్యారు. ఇస్తాంబుల్ మట్టిలో దఫన్ కావాలని ఆయన కోరిక. బిడ్డ దుర్రె షెహ్వార్ తుర్కీ సర్కార్‌ను ఎన్నో తీర్ల అడిగారు. ఒప్పుకోలేదు. మయ్యిత్‌ను పారిస్ పెద్ద మస్జిద్‌లో అమానత్‌గా ఉంచారు. ఒక రోజు కాదు, ఒక నెల కాదు, దాదాపు పదేళ్లు. మన దగ్గర జనాజా ఒక పూట ఆలస్యమైతేనే పెద్దవాళ్లు కోప్పడతారు. ఔరంగాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో, ఔరంగజేబ్ బాద్‌షా, మొదటి ఆసఫ్ జాహ్ నిద్రపోయే ఆ నేలలో, ఆయన కోసం ఒక మఖ్బరా కూడా కట్టారు. అంతలో 1948 వచ్చింది, హైదరాబాద్ సంస్థానమే పోయింది. ఆ మఖ్బరా ఖాళీగానే మిగిలింది. చివరికి 1954లో మదీనా మునవ్వరాలో, జన్నతుల్ బఖీలో ఆయనకు చోటు దొరికింది. తుర్కీలో ఆ ఖాందాన్ ఆడవాళ్లకు 1952లో, మగవాళ్లకు 1974లో తిరిగి రావడానికి ఇజాజత్ ఇచ్చారు.

నీస్‌లో పుట్టిన ముకర్రమ్ జాహ్ 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయారు. తాతకు దొరకని ఇస్తాంబుల్‌లో మనవడు ఆఖరి శ్వాస తీసుకున్నాడు. మయ్యిత్ మాత్రం హైదరాబాద్ వచ్చింది, మక్కా మస్జిద్‌లో దఫన్ అయింది. ఆ రోజు చౌమహల్లాలో లైన్లో నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. నా ముందున్న ఆటో డ్రైవర్ "భాయ్, ఈయన మనకు ఏం చేశాడు?" అని అడిగాడు. అడుగుతూనే లైన్లో నిలబడ్డాడు. నాకు ఆ ప్రశ్నా నచ్చింది, అతను నిలబడటమూ నచ్చింది.

ఇవాళ నీస్‌లో ముస్లింలు లేరని కాదు. ట్యునీషియా, అల్జీరియా, మొరాకో నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామంది. హోటళ్లలో పక్కలు సర్దేది, రోడ్లు ఊడ్చేది, బస్సులు నడిపేది వాళ్లలో ఎందరో. 2016 జూలై 14 రాత్రి అదే సముద్రం బాట మీద ఒక జాలిమ్ లారీతో జనాన్ని తొక్కించి 86 మందిని చంపాడు. మొదట ప్రాణం పోయినవాళ్లలో హిజాబ్ కట్టుకున్న ఒక తల్లి ఉంది. చనిపోయిన ముస్లింలు ఇంకా చాలామంది. నెల తిరగకుండానే ఆ తీరంలోని ఎన్నో ఊళ్లు, ఒళ్లంతా కప్పే ఈత దుస్తులతో ఆడవాళ్లు సముద్రంలో దిగకూడదని ఆర్డర్లు వేశాయి. ఆ ఆగస్టు చివర ఫ్రాన్స్ పెద్ద కోర్టు నీస్ పక్క ఊరి ఆర్డర్‌ను ఆపేసింది. చనిపోయినవాళ్ల యాద్‌లో బాట చివర ఒక ఫరిష్తా బొమ్మ నిలబెట్టారు. మా బేగం బుర్ఖాతోనే దాని ముందు నిలబడి ఫాతిహా చదివింది. ఒక ఫ్రెంచి ముసలామె పక్కకు వచ్చి, ఏమీ అనకుండా, తానూ తల వంచుకుని నిలబడింది.

ఇప్పుడు మొదట చెప్పిన రెండు మాటలకు వస్తాను. "ఖలీఫా బిడ్డలు మన కోడళ్లు" అనే ఫఖ్ర్‌లో ఆ శిస్తు కట్టిన రైతు లేడు, పదిహేనేళ్ల ఆ పిల్ల భయం లేదు. "మనకేం పని" అనే మాటలో నిలోఫర్ దవాఖానా లేదు. తఖ్త్‌లు, ఖితాబులు, మఖ్బరాలు, అన్నీ నా కళ్ల ముందే ఖాళీగా కనబడ్డాయి. ఆ పెళ్లి నుంచి గరీబులకు దక్కి, ఇప్పటికీ పనికొస్తున్నది పిల్లల దవాఖానాలే. అది కూడా షహజాదీ దయ అని మాత్రమే నేను అనను. ఆ దవాఖానా గోడల్లో ఖజానా డబ్బు ఉంది, ఖజానాలో మన దాదాల చెమట ఉంది. మన డబ్బు తిరిగి మన బిడ్డలకు చేరడానికి ఒక నౌకరానీ మౌత్, ఒక బిడ్డలేని తల్లి బాధ కావాల్సి వచ్చింది.

మీలో ఎవరైనా పిల్లల చదువుల కోసమో, సెలవులకో ఆ వైపు పోతే, సముద్రం చూడండి, సోక్కా తినండి, ఆ నీలం రంగు కళ్లనిండా నింపుకోండి, అదంతా అల్లాహ్ ఇచ్చిన నేమత్. ఒక పూట మాత్రం కరబసెల్ వీధికి పోయి, పిల్లలకు రఫతున్నిసా పేరు కూడా చెప్పండి. పోలేనివాళ్లు బాధపడకండి. రెడ్ హిల్స్ దగ్గరే ఉంది. ఈసారి ఎవరి బిడ్డనో చూడటానికి నిలోఫర్‌కు పోయినప్పుడు, వరండాలో చాపల మీద కూర్చున్న తల్లులకు రెండు టిఫిన్ డబ్బాలు ఎక్కువ తీసుకుపోండి.